సుంకప్ప మూడు ఎక్స్‌రేలు

డోన్‌లో పాత బస్టాండు వెనక సందులో నాకొక ఎక్స్‌రే గది ఉంది. నా పేరు వీరభద్ర. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లలో సగానికి సగం మంది నా మిషన్ ముందు చొక్కా విప్పి, గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టినవాళ్లే. నన్ను కోపిష్టి అంటారు. నిజమే. కదలొద్దంటే దగ్గేవాణ్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సుంకప్పను కూడా అట్లాగే తిట్టాను. మూడుసార్లు ఎక్స్‌రే తీశాను, మూడుసార్లూ తిట్టాను, మూడుసార్లూ తప్పు నాదే. ఆ సంగతి ఒప్పుకోవడానికే ఇదంతా రాస్తున్నాను.

సుంకప్పది బేతంచెర్ల. తండ్రి శివన్న గనుల్లో బండలు లేపేవాడు. తల్లి తిమ్మమ్మకు శివన్న సొంత మేనమామ. మా సీమలో అదేం వింత కాదు. ఆడపిల్ల పుడితే మేనమామ ఉన్నాడు కదా అని నిశ్చింతగా ఉండే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్లకు మొదట పుట్టిన ఇద్దరూ పసికందులుగానే పోయారు. మూడోవాణ్ని సుంకులమ్మకు మొక్కుకున్నారు. దక్కాడు కాబట్టి సుంకప్ప అయ్యాడు.

దక్కాడన్న మాటే గానీ, పురిటి గది దాటకముందే ముక్కు కారడం మొదలైంది. ఆ కారడం ఇప్పటికీ ఆగలేదు. ఐదేళ్లకు చెవిలో చీము. పదేళ్లకు దగ్గు. బడిలో వాడికి చీమిడి సుంకడని పేరు. పక్కన కూర్చోవడానికి ఎవరూ ఒప్పుకునేవాళ్లు కాదు. వెనక కూర్చుంటే అయ్యవారు చెప్పేది వినిపించేది కాదు. ఏడో తరగతిలో తండ్రి పోయాడు, బడి కూడా పోయింది. తల్లితో పాటు పాలిష్ ఫ్యాక్టరీలో చేరి, బండల అంచులు కోసే మిషన్ దగ్గర నిలబడ్డాడు.

ఆ ఊళ్లో అదొక చిక్కు. తెల్లటి బూడిద చెట్ల మీదా, ఇళ్ల మీదా, లారీల మీదా, మనుషుల కనురెప్పల మీదా పేరుకుని ఉంటుంది. ఊరంతా దగ్గుతుంది. అట్లాంటి చోట ఒకడి దగ్గు వేరుగా ఎవరికి వినిపిస్తుంది? నీకేమైందప్పా అని అడిగినవాడు లేడు. బండల పని కదా, అనేవాళ్లు. మధ్యలో రెండేళ్లు ఆ పని మానేసి డోన్ స్టేషన్ దగ్గర ఒక హోటల్లో దోసెలు వేశాడు సుంకప్ప. దగ్గు ఇసుమంత కూడా తగ్గలేదు. దుమ్ములో లేకపోయినా దగ్గు ఎందుకుందని అప్పుడైనా ఎవరికైనా అనుమానం రావాలి. రాలేదు. లోపల పేరుకున్నది అంత త్వరగా పోతుందా అన్నారు. వాడు మళ్లీ బండల దగ్గరికే వచ్చాడు.

పొద్దున లేవగానే ఫ్యాక్టరీ వెనక పేర్చిన బండల దొంతి మీద బోర్లా పడుకుని, తలా చేతులూ కిందికి వేలాడేసి, అరగంట అట్లాగే ఉండేవాడు. ఎవరూ నేర్పలేదు. అట్లా వేలాడితే రొమ్ములో ఉన్నది జారి బయటికి వస్తుందని తనకు తానే కనిపెట్టుకున్నాడు. అరగ్లాసు తెమడ పడేది. ఒక్కరోజు మానితే ఆ రోజంతా ఊపిరాడదు. చుట్టాలింటికి పోయినా, పెళ్లికి పోయినా, తెల్లవారేసరికి వేలాడటానికి చోటు వెతుక్కోవాలి. పదిమంది చూస్తుండగా ఆ పని చేయలేక సుంకప్ప ఎక్కడికీ పోవడం మానేశాడు. తిరుపతి చూడలేదు. కర్నూలు కూడా ఆస్పత్రికి తప్ప పోలేదు. ఇల్లు, ఫ్యాక్టరీ, బండల దొంతి. అంతే వాడి లోకం.

రెండువేల తొమ్మిదిలో మొదటిసారి నా దగ్గరికి వచ్చాడు. ఇరవై రెండేళ్ల మనిషి, నలభై ఏళ్లవాడిలా ఉన్నాడు. ఇక్కడ నా పని గురించి ఒక మాట చెప్పాలి. ఎక్స్‌రే ఫిల్మును ఎటు తిప్పి చూసినా బొమ్మ కనిపిస్తుంది. ఏది కుడో ఏది ఎడమో తెలియడానికి, తీసేటప్పుడే మూలన సీసంతో చేసిన ఆర్ అక్షరం పెట్టాలి. అది మనిషి కుడిపక్కకు గుర్తు. నా దగ్గరున్న సీసపు అక్షరం ఎప్పుడో పోయింది. కొత్తది తెప్పించడానికి బద్ధకం. ఫిల్ము కడిగి ఆరేశాక, గుండె నీడ ఎటుందో చూసి, దానికి అవతలి పక్కన తెల్ల సిరాతో ఆర్ అని రాసేసేవాణ్ని. గుండె ఎడమపక్కనే కదా ఉంటుంది. నాకు పని నేర్పినాయన కూడా ఇట్లాగే చేసేవాడు.

సుంకప్ప ఫిల్ముకు కూడా అట్లాగే రాశాను. వాణ్ని పంపిన డాక్టరు చూశాడు. ఊపిరితిత్తుల కింది భాగంలో మచ్చలున్నాయి, బండల పనివాడు, దగ్గు, బక్కమనిషి. క్షయ అన్నాడు. ఆరు నెలలు మాత్రలు మింగాడు. తెమడ పరీక్షలో ఏమీ లేకపోయినా మింగాడు. రెండువేల పదమూడులో మళ్లీ వచ్చాడు, మళ్లీ తీశాను, మళ్లీ రాశాను. ఈసారి మాత్రలతో పాటు రెండు నెలలు సూదులు. ఆ సూదులతో ఉన్న కాస్త వినికిడి కూడా తగ్గింది. పద్దెనిమిదిలో మూడోసారి. మూడోసారి డాక్టరు మందులు రాస్తుంటే సుంకప్ప నవ్వాడట. ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు, మందులు కొనలేదు.

ఈ మధ్యలో పెళ్లయింది. నందికొట్కూరు దగ్గర పల్లె నుంచి ఈరక్కను తెచ్చారు. గట్టి మనిషి. అత్తతో సమానంగా ఫ్యాక్టరీలో బండలు మోసేది. మాటలు తక్కువ, మొగుడి మీద ఒక్క ఫిర్యాదు చేసిన మనిషి కాదు. పొద్దున అతను దొంతి మీద వేలాడుతుంటే పక్కన నిలబడి వీపు మీద అరచేతితో తట్టేది. చూసినవాళ్లు నవ్వినా తట్టడం మానేది కాదు.

పిల్లలు పుట్టలేదు. మూడేళ్లయినా, ఐదేళ్లయినా, ఎనిమిదేళ్లయినా పుట్టలేదు. ఇలాంటప్పుడు మా దగ్గర పరీక్షలు ఎవరికి చేయిస్తారో వేరే చెప్పాలా? గర్భసంచి నాళాల్లోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రే ఒకటుంది, నొప్పితో ప్రాణం పోతుంది. అదీ నా గదిలోనే జరిగింది. ఈరక్క పళ్లు బిగపట్టి పడుకుంది. రెండు నాళాలూ శుభ్రంగా తెరిచి ఉన్నాయి, మందు అడ్డు లేకుండా పారింది. అంతా బాగుందని కాగితం మీద రాసిచ్చాం. తిమ్మమ్మ ఆ కాగితం చేతిలో పట్టుకుని నన్ను అడిగింది.

"అన్నీ బాగుంటే బిడ్డ యాడప్పా?"

సుంకప్పకు కూడా పరీక్ష చేయించమని నేను అనలేదు. అనాలని తట్టింది, అనలేదు. మగవాడికి ఆ పరీక్ష అంటే ఇంటిమీద రాయి వేసినట్టు చూస్తారు. నాకెందుకొచ్చిన గొడవ అనుకున్నాను. ఆ తర్వాత ఈరక్కను సీమంతాలకు పిలవడం మానేశారు. పొద్దున్నే ఎదురొస్తే ముఖం తిప్పుకునేవాళ్లు. పనిలో మాత్రం అందరికంటే బరువైన బండ ఆమె తలమీదే ఉండేది.

పోయిన ఏడు తిమ్మమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. ఈరక్క చెల్లెలు అంజలి, ఇరవై ఒక్కేళ్ల పిల్ల, నందికొట్కూరులో బట్టల కొట్టులో పనిచేస్తుంది. ఆ పిల్లను సుంకప్పకు రెండో పెళ్లి చేయాలి. చట్టం ఒప్పుకోదు గానీ గుట్టుగా చేసేసేవాళ్లు ఇంకా ఉన్నారు. బయటి పిల్లయితే సవతి పోరు, సొంత చెల్లెలైతే ఇల్లు చెదరదని తిమ్మమ్మ లెక్క. పోయి అడగాల్సింది కూడా ఈరక్కే. అడగనంటే పుట్టింటికి పొమ్మన్నారు. అడిగితే చెల్లెల్ని తెచ్చి తనున్న గుంతలోనే దించాలి. ఈరక్క పోయి అడిగింది. పెద్దకూతురి కాపురం నిలబడుతుందంటే తండ్రి సరేనన్నాడు. అంజలిని ఎవరూ అడగలేదు.

తాంబూలాలకు నెల ఉందనగా సుంకప్పకు జ్వరం వచ్చింది. అప్పటికి నా గదిపైన మేడమీద ఒక కొత్త డాక్టరమ్మ ఆస్పత్రి పెట్టింది. పేరు పద్మశ్రీ, కడప పిల్ల. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. సుంకప్ప పైకి పోయిన పావుగంటకు ఆమె తనే మెట్లు దిగి వచ్చింది. చేతిలో వాడి పాత ఫిల్ములు మూడూ ఉన్నాయి.

"అన్నా, ఇవి మీరు తీసినవేనా?"

"నేనే తీసినా మేడం. ఏం?"

"ఈ ఆర్ అక్షరం తీసేటప్పుడు పెట్టినారా, తర్వాత రాసినారా?"

తర్వాతేనన్నాను. ఆమె కోప్పడలేదు. స్టెతస్కోపు ఎడమపక్క పెడితే గుండె చప్పుడు దూరంగా వినిపిస్తోందని, కుడిపక్క పెడితే స్పష్టంగా ఉందని చెప్పింది. మళ్లీ తీయమంది. అప్పటికి నా దగ్గర కంప్యూటర్ మిషన్ ఉంది. అయినా ఆమె నన్ను నమ్మలేదు. ఒక రూపాయి బిళ్ల తీసి తనే సుంకప్ప కుడి భుజానికి ప్లాస్టరుతో అంటించింది.

తెర మీద బొమ్మ వచ్చింది. రూపాయి బిళ్ల ఏ పక్కన ఉందో, గుండె కూడా ఆ పక్కనే ఉంది. కడుపులో గాలి బుడగ కూడా అటే. మనిషి లోపలంతా అద్దంలో బొమ్మలా తిరగబడి ఉంది. నేను మూడుసార్లు ఆ అద్దాన్ని మళ్లీ తిప్పి, మామూలు మనిషిని తయారుచేసి పంపించాను.

"నీ గుండె కుడిపక్క ఉండాదని నీకు తెలుసా?" అని డాక్టరమ్మ గట్టిగా అడిగింది.

"యాడ కొట్టుకుంటే ఏముండాది మేడం, కొట్టుకుంటాండాది కదా," అన్నాడు సుంకప్ప.

ఆ మధ్యాహ్నం ఆమె నాకు వేళ్లు మడిచి చెప్పింది. శైలికామయ ఉపకళా కణజాలం. ఆ పేరు విని నేను ఉలిక్కిపడ్డాను. నేను చదివిన సర్టిఫికెట్ కోర్సులో అది నాలుగు మార్కుల ప్రశ్న. అది శరీరంలో ఎక్కడెక్కడ ఉంటుంది? నేను కళ్లు మూసుకుని బట్టీపట్టాను. ముక్కు లోపల, ముఖం ఎముకల గదుల్లో, చెవి నుంచి గొంతుకు వచ్చే గొట్టంలో, శ్వాసనాళంలో, దాని కొమ్మల్లో, ఆడవాళ్ల అండవాహికల్లో, మెదడులోని గదుల్లో. నాలుగుకు నాలుగు మార్కులు వచ్చాయి. ఆ జవాబంతా ఒక మనిషి రూపంలో వచ్చి మూడుసార్లు నా ముందు నిలబడితే గుర్తుపట్టలేకపోయాను.

ఆ పొర మీద కంటికి ఆనని సన్నటి నూగు ఉంటుంది. దాన్నే శైలికలు అంటారు. గాలికి కొర్రచేను ఊగినట్టు అన్నీ ఒకే దిక్కుకు ఊగుతూ, చెమ్మనూ దుమ్మునూ బయటికి నెడుతూ ఉంటాయి. సుంకప్పకు నూగు ఉంది గానీ అది ఊగదు. పుట్టుకతోనే ఊగదు. అందుకే ముక్కులోది ముక్కులోనే, చెవిలోది చెవిలోనే, రొమ్ములోది రొమ్ములోనే ఉండిపోయింది. తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు గుండె ఏ పక్క కుదరాలో తేల్చేది కూడా అలాంటి నూగే. అది ఊగకపోతే గుండె ఎటైనా పోవచ్చు, సగం మందికి ఇట్లా కుడికి పోతుంది. అమ్మానాన్నలది దగ్గరి సంబంధమా అని ఆమె అడిగింది. మేనమామ అని చెప్పాను. తల ఊపింది. దగ్గరి రక్తంలో ఇద్దరూ ఒకే లోపాన్ని మోస్తూ ఉండే అవకాశం ఎక్కువట. మోసేవాళ్లకు మాత్రం ఏమీ తెలియదు.

"ఇంకొకటి ఉందన్నా," అంది ఆమె. "మగవాళ్ల వీర్యకణం తోక కూడా లోపల అదే అమరిక. ఆ నూగు ఊగనోళ్లకు మామూలుగా ఇదీ కదలదు. వీళ్లకు పిల్లలున్నారా?"

కర్నూలు పంపి పరీక్షలన్నీ చేయించింది. డాక్టరమ్మ అనుకున్నట్టే అయింది. వీర్యకణాలు లెక్కకు నిండుగా ఉన్నాయి. ఒక్కటీ కదలడం లేదు.

సుంకప్పకు ఆ సంగతి ఆమె నా ముందే చెప్పింది, సరిగా వినిపించదు కాబట్టి నేను మళ్లీ చెవిలో చెప్పాలి. క్షయ ఎప్పుడూ లేదని చెప్పాను. మింగిన మాత్రలు, పొడిపించుకున్న సూదులు వృథా అని చెప్పాను. పూర్తిగా నయం కాదు గానీ, బండల మీద తల కిందులుగా వేలాడతావు చూడు, అదే నీకు సరైన వైద్యం, దానితో పాటు ఉప్పునీటి ఆవిరి పట్టాలి, జ్వరం వస్తే వెంటనే రావాలి, దుమ్ముకు దూరంగా ఉండాలి అని చెప్పాను. చివరి సంగతి, పిల్లల సంగతి, చెప్పేటప్పుడు నా గొంతు తగ్గిపోయింది. వాడు నా పెదాల వంకే చూస్తున్నాడు, అర్థమైంది. పెద్ద ఊళ్లలో వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించి బిడ్డకోసం ప్రయత్నించే పద్ధతి ఉందని డాక్టరమ్మ అంది. ఆ మాట వాడి చెవికి ఎక్కలేదు.

"అయితే ఈరక్కలో ఏం లేదా?" అన్నాడు.

"ఏం లేదు."

కాగితాలు మడిచి చొక్కాలో పెట్టుకున్నాడు. మెట్లు దిగాక నా చెయ్యి పట్టుకున్నాడు.

"సార్, ఈ మాట ఊర్లో అనొద్దు. ఊర్లో నేను చీమిడోణ్ని, దగ్గుబోతోణ్ని. మొగోణ్ని కూడా కాదంటే ఎట్ల బతికేది?"

అననని మాటిచ్చాను. నిజం చెప్పాలంటే నాకు హాయిగా ఉంది. వాడి సిగ్గు చాటున నా తప్పు కూడా దాగిపోతుంది. ఇరవై రోజులు గడిచాయి. తాంబూలాల రోజు దగ్గరికి వస్తోందని తెలుసు. అంజలి అనే పిల్లను నేను చూడనైనా చూడలేదు, అయినా అన్నం ముందు కూర్చుంటే ఆ పేరే గుర్తొచ్చేది. నేను నోరు విప్పితే వాడి పరువూ నా గదీ పోతాయి. విప్పకపోతే ఇంకొక ఆడపిల్ల పదేళ్లు మొక్కులు మొక్కుకుంటూ తిరుగుతుంది.

తాంబూలాల రోజు పొద్దున తొమ్మిదింటికి సుంకప్పే నా గది ముందుకు వచ్చాడు. ఆ రోజు వేలాడలేదేమో, ఆయాసపడుతున్నాడు.

"చెప్పేసినా సార్. మా యమ్మకు చెప్పేసినా. నమ్మల్యా."

"ఎందుకు నమ్మలేదు?"

"కర్నూలు కాగితం ఎవురైనా రాసిస్తారంటాంది, నీ ఫిల్ములే చూపిస్తాంది. మూడు ఎడమంటాండాయి, ఒకటి కుడంటాంది, మూడు నిజమా ఒకటి నిజమా అంటాంది. నీకు ఆ పిల్ల నచ్చక కథలు చెప్తాండావు అంటాంది. నువ్వొచ్చి చెప్పు సార్."

నేను రాసిన అక్షరం వాడి మెడకే చుట్టుకుంది. తలుపుకు తాళం వేసి వాడితో బస్సెక్కాను. దారంతా నాకు కోపం, ఎవరి మీదో తెలియని కోపం.

బేతంచెర్లలో వాళ్లది రెండు గదుల రేకుల ఇల్లు. బయట వసారాలో కులపెద్ద ఓబుళేశు, అంజలి తండ్రి, మరో నలుగురు కూర్చున్నారు. ఆకులూ వక్కలూ పళ్లెంలో పెట్టి ఉన్నాయి. అంజలి లోపలి గది గుమ్మం దగ్గర కొత్త చీరలో తల వంచుకుని నిలబడింది. ఈరక్క పొయ్యి దగ్గర ఉంది. తిమ్మమ్మ నాలుగు ఫిల్ములూ నేలబండల మీద వరుసగా పరిచింది.

"చెప్పప్పా వీరభద్రా. ఇవన్నీ నీ చేతివే కదా?"

అందరి ముందూ చెప్పాను. సీసపు అక్షరం పోయిందని, గుండె ఎటుంటే అది ఎడమ అనుకుని చేత్తో రాశానని, మూడుసార్లూ తప్పు రాశానని చెప్పాను. ఈ మనిషికి క్షయ మందులు నా వల్లే వచ్చాయన్నాను. గుండెను కుడికి తిప్పిన లోపమే బిడ్డలు లేకుండా కూడా చేసిందన్నాను. ఇరవై రెండేళ్లలో ఎవరి ముందూ తగ్గనివాణ్ని, ఆ వసారాలో చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఓబుళేశు నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"మూడుసార్లు తప్పు రాసినోడు నాలుగోసారి సరిగ్గా రాసినాడని ఎట్ల నమ్మేది?" అంది తిమ్మమ్మ.

"డాక్టరమ్మ కూడా చెప్పింది తిమ్మక్కా."

"ఆయమ్మ నిన్న వచ్చిన పిల్ల. నువ్వు ఎట్ల తీసిస్తే అట్ల చెప్తాది."

పెద్దమనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మంచి ఘడియ దాటిపోతోందని ఒకాయన గుర్తుచేశాడు. అంజలి తండ్రి పళ్లెం ముందుకు జరిపాడు. సుంకప్ప గోడకు ఆనుకుని దగ్గుతున్నాడు, ఆ దగ్గు ఎవరికీ వినిపించడం లేదు.

ఈరక్క పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. చేతులు కొంగుకు తుడుచుకుని మొగుడి పక్కన నిలబడింది.

"ఫిల్ములు ఎందుకత్తా. మనిషి ఈడనే ఉండాడు కదా. చెయ్యి పెట్టి చూడు."

నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లు నీడల్ని చూస్తూ బతికినవాణ్ని, మనిషి మీద చెయ్యి వేసి చూడమనాలని నాకు తట్టలేదు. తిమ్మమ్మ కదల్లేదు.

"నేను పెండ్లైన నెలకే నీకు చెప్తిని," అంది ఈరక్క. గొంతు పెంచలేదు. "ఆయప్ప గుండె ఈ పక్క కొట్టుకుంటాంది అత్తా, మా నాయనకు ఆ పక్క కదా అంటిని. బయట అనొద్దని నా నోరు మూసినావు. అప్పుట్నించి అన్లేదు."

అప్పుడు తిమ్మమ్మ ముఖం చూడలేకపోయాను. ఆమె మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కిందికే చూస్తూ మాట్లాడింది.

"పాలిచ్చేటప్పుడే తెల్సు నాకు. ఇద్దరు పోయినంక దక్కినోడు. వంకర ఉండాదంటే పిల్లనెవురిస్తారు? ఎవురికీ చెప్పల్యా. వాళ్ల నాయనకు కూడా చెప్పల్యా. బిడ్డల్లేకపోయేది దానివల్లే అని నాకేం తెల్సు?"

అంజలి తండ్రి పళ్లెం వెనక్కి లాక్కున్నాడు. లేచి కూతురి వైపు చూశాడు. అంజలి గుమ్మం పట్టుకుని నిలబడ్డ చోటే కూర్చుండిపోయింది, రెండు చేతుల్లో ముఖం దాచుకుంది. ఆ పిల్ల భుజాలు కదలడం చూశాను. నా గుండెల మీద బరువు దిగింది, దాని వెనకే ఇంకో బరువు వచ్చి కూర్చుంది.

ఎందుకంటే ఓబుళేశు గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్లూ ఈరక్కను చూసిన చూపుతోనే ఇప్పుడు తిమ్మమ్మ వంక చూశాడు.

"అయితే దోషం కోడలిది కాదు. నీ కడుపులోనే ఉండాది, తిమ్మమ్మా. ముందు పోయిన ఇద్దరు కూడా..."

తిమ్మమ్మ తల ఇంకా కిందికి దిగింది. అరవై దాటిన మనిషి, బండలు మోసి మోసి మెడ వంగిపోయిన మనిషి. నలుగురూ తలలూపుతున్నారు. రేపటికి ఊరంతా అంటుందని నాకు తెలుసు. మోసేవాళ్లకు తెలియదని, అందులో శివన్నది కూడా సగం ఉందని డాక్టరమ్మ చెప్పింది కదా, అది ఎట్లా చెప్పాలో వెతుకుతున్నాను.

ఈరక్క నాకంటే ముందు మాట్లాడింది.

"ఆపు మామా. పదకొండేండ్లు నన్నంటిరి. ఇంగ ఆమెను అనేకి మొదలుపెట్టొద్దు." అత్త మోచెయ్యి పట్టుకుని లేపి నిలబెట్టింది. "లెయ్యి అత్తా. ఆకులు వేస్తా. వచ్చినోళ్లు తిని పోనీ."

ఈరక్క విస్తర్లు వేసింది, మేమంతా వరుసగా కూర్చున్నాం. తిమ్మమ్మ మాత్రం కూర్చోలేదు. కొడుకు దగ్గరికి పోయి, చొక్కా మీదుగా కుడిపక్కన చెయ్యి పెట్టింది. అందరూ తిని చేతులు కడుక్కునేదాకా ఆ చెయ్యి తీయలేదు.